ఇల్లు మారే క్రికెట్టు జట్టు

పిల్లలూ! ప్రొద్దుటూరు బడి జట్టుకూ, జమ్మలమడుగు బడి జట్టుకూ క్రికెట్టు పందెం పడిందనుకోండి. మొదట తేల్చుకోవలసిన సంగతి ఏమిటి? బాటు ఎవరు తేవాలి, బంతి ఎవరు కొనాలి అన్నది కాదు. ఆట ఎవరి ఊళ్లో అన్నది! "ఈ ఆదివారం మా ఊళ్లో ఆడదాం, వచ్చే ఆదివారం మీ ఊళ్లో" అని ఒప్పుకుంటేగాని పందెం సాగదు.

ఎందుకంటారా? ఎవరి స్థలంలో వాళ్లకు బలం ఎక్కువ. ఏ మూల నేల పల్లంగా ఉన్నదో, ఎక్కడ రాయి తేలి బంతి ఎగురుతుందో, సాయంత్రం ఎండ ఎవరి కళ్లలో పడుతుందో ఆ ఊరి పిల్లలకు తెలుసు. వచ్చినవాళ్లకు తెలియదు. పైగా చప్పట్లు కొట్టే అన్నలూ, అక్కలూ, తాతలూ అందరూ ఆ ఊరివాళ్లే. దీన్నే పెద్ద ఆటల్లో "సొంత మైదానం" అంటారు.

పెద్ద జట్లకు కూడా సొంత మైదానాలు ఉంటాయి. కాని చిత్రమేమిటంటే, మన ఆంధ్ర జట్టుకు ఎప్పుడూ ఒక్కటే ఇల్లు లేదు. డెబ్బై ఏళ్లకు పైగా అది ఒక ఊరినుంచి మరొక ఊరికి మారుతూ ఆడుతున్నది. ఆ ఇళ్లలో ఒకటి మన కడపలో కూడా ఉన్నది. ఆ కథే ఇప్పుడు చెప్పుకుందాం.

బండ్లమీద తిరిగిన జట్టు

క్రికెట్టు పుట్టిన ఇంగ్లండులో కౌంటీలు ఉన్నాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీల జట్లు ఒకదానితో ఒకటి ఆడతాయి. కెంటు అనే కౌంటీ జట్టు కాంటర్‌బరీ పట్టణంలోని సెయింట్ లారెన్స్ మైదానంలో 1847 నుంచి ఆడుతున్నది. ఆ మైదానంలో ఒక వింత ఉండేది. ఆట జరిగే గీత లోపలే పెద్ద లిండెన్ చెట్టు ఒకటి నిలబడి ఉండేది! మైదానం కంటే చెట్టే ముందు పుట్టింది గనక, దాన్ని కొట్టివేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. బంతి ఆ చెట్టుకు తగిలితే నాలుగు పరుగులు అని ప్రత్యేకంగా ఒక నియమం పెట్టుకున్నారు. 2005 జనవరిలో గాలివానకు ఆ చెట్టు విరిగి పడిపోయింది. దాని బదులు మరొక లిండెన్ మొక్క నాటారు.

ఎసెక్సు అనే కౌంటీ కథ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆ జట్టు 1933 తరువాత లేటన్ అనే చోట ఉన్న తన మైదానాన్ని విడిచిపెట్టింది. అప్పటినుంచి ముప్పై ఏళ్లకు పైగా దానికి స్థిరమైన ఇల్లు లేదు. ఒక వారం ఒక పట్టణం, మరొక వారం మరొక పట్టణం. కుర్చీలూ, పరుగుల బోర్డూ అన్నీ బండ్లమీద వేసుకుని, తిరునాళ్లకు పోయే నాటకం కంపెనీలాగా ఊరూరా తిరిగేది. చివరకు 1960ల మధ్యలో చెమ్స్‌ఫర్డు పట్టణంలో మైదానం కొనుక్కున్నది. అందుకు కావలసిన డబ్బు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చినది ఎవరనుకున్నారు? వార్విక్‌షైరు అనే మరొక కౌంటీ అభిమానుల సంఘం! ఆటలో పోటీ పడేవాళ్లే ఇల్లు కట్టుకోవడానికి సాయం చేశారన్నమాట.

మన జట్టు పుట్టుక

మన దేశంలో రాష్ట్రాల జట్లు ఆడే పెద్ద పోటీ రంజీ ట్రోఫీ. ఇది 1934లో మొదలయింది. దానికి పేరు వచ్చినది రంజిత్‌సింహ్‌జీ అనే గొప్ప ఆటగాడివల్ల. ఆయన ఇంగ్లండులో ససెక్సు కౌంటీ జట్టులో ఆడి పేరు తెచ్చుకున్నాడు. కౌంటీల ఆటకూ, మన రంజీ ఆటకూ ఇట్లా ఒక చుట్టరికం ఉన్నది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ బరిలోకి దిగింది. నాయకుడు ఎవరు? సి.కె. నాయుడు! 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం మొట్టమొదటి టెస్టు మాచ్ ఆడినప్పుడు మన నాయకుడు ఆయనే. ఆయన పుట్టినది నాగపూరులో అయినా, వాళ్లది తెలుగు కుటుంబమే. ఆంధ్ర జట్టును నడిపేనాటికి ఆయనకు 58 ఏళ్లు. ఆ వయసులో తాతలు అరుగుమీద కూర్చుని మనవలకు కథలు చెబుతారు. ఆయన కాళ్లకు పాడ్లు కట్టుకుని, తన సగం వయసు కూడా లేని కుర్రవాళ్లతో కలిసి మైదానంలోకి దిగాడు.

ఇంకొక వింత కూడా ఉన్నది. 1956లో ఆంధ్రా, తెలంగాణా కలిసి ఒకే రాష్ట్రం అయ్యాయి. కాని హైదరాబాదు జట్టు రంజీ ట్రోఫీ మొదలయిన ఏటినుంచీ ఉన్నది. అందుచేత రాష్ట్రం ఒకటే అయినా జట్లు రెండుగానే ఉండిపోయాయి. హైదరాబాదు జట్టుకు నగరంలోనే ఫతే మైదానం ఉండేది. 1955లో అక్కడ న్యూజీలండుతో టెస్టు మాచ్ జరిగినప్పుడు పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. ఆ మైదానానికి 1967లో లాల్‌బహదూర్ స్టేడియం అని పేరు పెట్టారు. ఆంధ్ర జట్టుకు మాత్రం అట్లాటి మహానగరం లేదు. ఉన్నవి జిల్లాలూ, జిల్లాల్లో పట్టణాలూ. అందుకే అది ఇళ్లు మారే జట్టయింది.

ఊరూరా మైదానాలు

పాత రోజుల్లో చిన్న పట్టణాల్లో పెద్ద ఆట జరపాలంటే గడ్డి పెంచిన పిచ్‌లు ఉండేవి కావు. నేలను చదును చేసి, దానిమీద కొబ్బరిపీచు చాప పరిచి, అంచులకు మేకులు కొట్టి బిగించేవారు. ఆ చాపమీదనే ఆట. ఆట ముగిశాక చాపను చుట్టి బండిలో వేస్తే, మర్నాడు అది మళ్లీ మామూలు మైదానమే!

తరువాత పట్టణాల్లో స్టేడియాలు లేచాయి. విశాఖపట్నంలో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం అట్లాటిది. అక్కడ 1988 డిసెంబరులో భారత, న్యూజీలండు జట్ల మధ్య ఒకరోజు మాచ్ జరిగింది. ఆ రోజు కృష్ణమాచారి శ్రీకాంత్ 70 పరుగులు చేయడమే కాదు, అయిదు వికెట్లు కూడా తీశాడు. ఆయన అసలు బౌలరు కాడు! 1996 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా, కెన్యా జట్లు కూడా అక్కడ ఆడాయి. 2001తో ఆ మైదానంలో దేశాల మధ్య మాచ్‌లు ముగిశాయి.

ఎందుకంటే అదే విశాఖపట్నంలో మధురవాడ దగ్గర, కొండల పక్కన, ఇంకా పెద్ద స్టేడియం కట్టారు. అక్కడ మొదటి ఒకరోజు మాచ్ 2005 ఏప్రిల్ 5న పాకిస్తానుతో జరిగింది. జులపాల జుట్టుతో వచ్చిన ఒక కొత్త కుర్రవాడు 123 బంతుల్లో 148 పరుగులు చేసి అందరినీ ఆశ్చర్యంలో ముంచాడు. అతనే మహేంద్రసింగ్ ధోనీ. 2016 నవంబరులో ఇంగ్లండుతో జరిగిన ఆట ఆ మైదానానికి మొదటి టెస్టు. అందులో విరాట్ కోహ్లీ 167 పరుగులు చేశాడు. మన జట్టు 246 పరుగుల తేడాతో గెలిచింది. 2024 ఫిబ్రవరిలో అక్కడే ఇంగ్లండుతో మళ్లీ టెస్టు జరిగినప్పుడు, వికెట్ల వెనక నిలబడినవాడు విశాఖపట్నం కుర్రవాడే, కె.ఎస్. భరత్.

విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం ఉన్నది. 2002 నవంబరు 24న అక్కడ వెస్టిండీస్ జట్టు మన జట్టును ఓడించింది. ఏడు మాచ్‌ల పోటీలో అది ఏడవది. అప్పటికి చెరి మూడూ గెలిచి ఉన్నారు గనక, ఆ ఒక్క ఆటతోనే పోటీ తేలిపోయింది.

మైదానం అంటే కాంక్రీటు మెట్లూ, దీపస్తంభాలూ ఉండి తీరాలని మీరు అనుకుంటున్నారేమో. ఒంగోలులో సి.ఎస్.ఆర్. శర్మ కళాశాల మైదానం ఉన్నది. పేరులోనే ఉన్నది చూడండి, అది విద్యార్థులు ఆడుకునే కళాశాల మైదానం. 2020 ఫిబ్రవరిలో ఆంధ్ర జట్టు రంజీ క్వార్టర్ ఫైనల్ ఆడినది అక్కడే. సొంత నేలమీద ఆడినా మనవాళ్లు నెగ్గలేదు. అక్కడినుంచి ముందుకు సాగిన సౌరాష్ట్ర జట్టు ఆ ఏడు ట్రోఫీనే ఎగరేసుకుపోయింది.

పులివెందులకు పడమటి దిక్కున అనంతపురం ఉన్నది. అక్కడ పల్లెల బాగుకోసం 1969లో పని మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు పిల్లలకోసం ఆటల గ్రామం ఒకటి కట్టారు. దాన్ని స్థాపించినవాడు విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిను దేశస్థుడు. క్రికెట్టు ఊసే అంతగా లేని దేశంనుంచి వచ్చిన మనిషి పెట్టిన సంస్థ, కరువు సీమలో పచ్చటి క్రికెట్టు మైదానం తయారుచేసింది! 2024 సెప్టెంబరులో దేశంలోని పేరుమోసిన ఆటగాళ్లు దులీప్ ట్రోఫీ ఆడడానికి ఆ మైదానానికి వచ్చారు.

ఇక కడపలో ఉన్నది వై.ఎస్. రాజారెడ్డి స్టేడియం. ముఖ్యమంత్రిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తండ్రిగారి పేరు దానికి పెట్టారు. వారి కుటుంబం పులివెందులది. ఈ స్టేడియంలో ఆంధ్ర జట్టు రంజీ మాచ్‌లు ఆడింది.

ఎందుకు తిరగాలి?

"విశాఖపట్నంలో అంత పెద్ద స్టేడియం ఉండగా, అన్ని ఆటలూ అక్కడే ఆడవచ్చు కదా?" అని మీకు సందేహం రావచ్చు.

ఒకసారి దేశపటం తీసి చూడండి. కడపనుంచి విశాఖపట్నం ఇంచుమించు ఏడు వందల కిలోమీటర్లు. దానికంటే చెన్నై, బెంగుళూరు చాలా దగ్గర. ప్రొద్దుటూరు పిల్లవాడు ఆంధ్ర జట్టు ఆట చూడాలంటే ఏడు వందల కిలోమీటర్లు పోగలడా? బస్సెక్కి కడపకైతే, నాన్నగారు ఒప్పుకుంటే, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. జట్టు తిరిగితేనే అది అందరి జట్టు అవుతుంది.

సొంత మైదానమే వద్దని కూడా ఒకసారి చేసి చూశారు. సొంత మైదానం ఉన్న జట్టు పిచ్‌ను తనకు అనుకూలంగా తయారుచేసుకుంటున్నదని ఫిర్యాదులు వచ్చాయి. అందుకని 2016-17లో రంజీ మాచ్‌లన్నీ ఆడే రెండు జట్లకూ సంబంధంలేని ఊళ్లలోనే జరిపారు. న్యాయం బాగానే ఉన్నది. కాని చూడడానికి ఎవరు వస్తారు? కేరళ, హిమాచలప్రదేశ్ జట్లు మూడో రాష్ట్రంలో ఆడితే చప్పట్లు కొట్టే అన్నా లేడు, అక్కా లేదు! ఆ మరుసటి ఏడు సొంత మైదానాలు మళ్లీ వచ్చేశాయి.

మట్టిలో ఉన్న రహస్యం

పిచ్‌ను అనుకూలంగా తయారుచేయడం అంటే ఏమిటి? ఇక్కడ కాస్త సైన్సు చెప్పుకోవాలి.

పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. వెడల్పు పది అడుగులు. మైదానం ఎంత పెద్దదయినా, ఆట ప్రాణమంతా ఈ పట్టీలోనే ఉంటుంది. దీని అడుగున కంకర, ఇసుక పరుస్తారు. నీరు ఇంకిపోవడానికి ఇవి అవసరం. పైన సుమారు జానెడు మందాన జల్లించిన బంకమట్టి పోస్తారు. దానిమీద గడ్డి పెంచి, నీళ్లు పెట్టి, బరువైన రోలరు దొర్లిస్తారు. మట్టి కణాల మధ్య ఉన్న గాలి బయటికి పోతుంది. కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రోజుల తరబడి ఇట్లా తడపడమూ, ఆరనివ్వడమూ, రోలరు తిప్పడమూ జరిగితే ఆ మట్టి రాయిలాగా గట్టిపడుతుంది.

ఈ పనికి ఏ మట్టి కావాలి? మీ కాళ్లకింద ఉన్నదే! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి సంగతి మీకు చెప్పనక్కర లేదు. వానలో చేలోకి దిగితే చెప్పు ఊడిపోతుంది. ఎండాకాలం అదే చేను చెయ్యి దూరేటంత బీటలు వేస్తుంది. నల్లరేగడిలో ఉండే ఒకరకం బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అందుకే ఆ బీటలు. ఎర్రమట్టిలో ఉండే బంకమన్ను అంతగా ఉబ్బదు.

మన దేశంలో నల్లమట్టి పిచ్‌లూ ఉన్నాయి, ఎర్రమట్టి పిచ్‌లూ ఉన్నాయి. సాధారణంగా ఎర్రమట్టి పిచ్ మీద బంతి బాగా ఎగురుతుంది. పిచ్ ఎండినకొద్దీ పైపొర పొడి అయి, స్పిన్ బౌలర్లకు పండుగ అవుతుంది. నల్లమట్టి పిచ్ గట్టిగా పట్టి ఉంటుంది, బంతి తక్కువ ఎత్తున వస్తుంది. నీళ్లు ఎప్పుడు ఆపాలి, గడ్డి ఎంత ఉంచాలి, రోలరు ఎన్నిసార్లు తిప్పాలి అన్నవి పిచ్ తయారుచేసే మనిషి చేతిలో ఉంటాయి. ఆయన్ను క్యూరేటరు అంటారు. పొలం తడి చూసి విత్తనం వేసే రైతులాగా, ఆయన మట్టి తడి చూసి పిచ్ సిద్ధం చేస్తాడు. పత్రికల్లో ఆయన బొమ్మ పడదు. కాని ఆయన లేకపోతే మైదానం ఉత్త బయలే.

ఇది మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. నల్లమట్టి, ఎర్రమట్టి విడివిడిగా జల్లించి, నీళ్లు పోసి ముద్ద చేయండి. ఒక్కొక్కదానితో అరచేయంత బిళ్ల చేసి ఎండలో పెట్టండి. మూడో బిళ్లకు నల్లమట్టిలో సన్నగా తరిగిన ఎండుగడ్డి కలపండి. మూడు రోజుల తరువాత దేనిమీద ఎన్ని బీటలు ఉన్నాయో లెక్క పెట్టండి. గడ్డి కలిపిన దానిలో బీటలు తక్కువగా ఉండడం చూస్తారు. మట్టిగోడ కట్టేవాళ్లు గడ్డి కలిపి తొక్కడం ఇందుకే. పిచ్‌లో ఆ పని గడ్డివేళ్లు చేస్తాయి.

మరొక పరీక్ష కూడా ఉన్నది. మూడు రకాల ముద్దలతోనూ ఒకే సైజు గోళీలు చేసి బాగా ఎండబెట్టండి. ఒక్కొక్క గోళీమీద పలక పెట్టి, దానిమీద బరువులు పెంచుతూ పోండి. ఏది ఎంత బరువుకు చిట్లిందో రాసుకోండి. ఇది పిల్లల ఆట అనుకోకండి. ఇంగ్లండులో పిచ్‌కు వేసే మట్టి గట్టిదనం తెలుసుకోవడానికి సరిగ్గా ఇట్లాగే మట్టి గోళీలు చేసి, ఎండబెట్టి చూస్తారు!

ఎర్రమల్లెనుంచి విశాఖకు

మన కడప జిల్లాలో వీరపునాయునిపల్లె మండలం ఉన్నది. ఆ మండలంలో ఎర్రమల్లె చిన్న ఊరు. ఆ ఊరి అమ్మాయి శ్రీచరణి 2004లో పుట్టింది. ఎడమచేత్తో స్పిన్ బౌలింగు వేస్తుంది. చిన్నప్పుడే క్రికెట్టు జట్టులో చేరిపోయిందనుకుంటున్నారేమో, కాదు. మొదట పరుగుపందేల వంటి ఆటల్లో పాల్గొని, ఆ తరువాతనే క్రికెట్టు వైపు వచ్చింది. ఆంధ్ర జట్టులో ఆడి, 2025 ఏప్రిల్‌లో భారత జట్టులో చోటు సంపాదించింది.

అదే ఏడు మహిళల ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. అక్టోబరు 12న భారత, ఆస్ట్రేలియా జట్లు విశాఖపట్నంలో తలపడ్డాయి. ఆంధ్ర జట్టు ఇంట్లో, కడప జిల్లా పల్లె అమ్మాయి, ప్రపంచ కప్పు ఆట ఆడిందన్నమాట. ఆమె 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. అయినా మన జట్టు ఓడింది. మన 330 పరుగుల్ని ఆస్ట్రేలియా దాటేసింది. సొంత మైదానం బలమే గాని మంత్రం కాదు. మన అమ్మాయిలు నిరుత్సాహపడలేదు. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. ఆ పోటీలో శ్రీచరణి మొత్తం 14 వికెట్లు తీసింది.

ఎర్రమల్లెనుంచి విశాఖపట్నం స్టేడియం ఒక్క గంతులో అందేది కాదు. మధ్యలో బడి మైదానం ఉండాలి, పట్టణంలో ఒక మైదానం ఉండాలి, జిల్లాలో గడ్డి పిచ్ ఒకటి ఉండాలి. ఈ మెట్లలో ఒక్కటి విరిగినా పైకి ఎక్కడం కష్టం. కడపకు, అనంతపురానికి, ఒంగోలుకు ఆంధ్ర జట్టు వచ్చి ఆడడంలో అసలు లాభం ఇదే. ఆట వస్తున్నదంటే మైదానం బాగుపడుతుంది. బాగుపడిన మైదానం ఆట అయిపోయాక ఆ జిల్లా పిల్లలకు మిగులుతుంది.

పెద్దలు కూడా ఒక సంగతి గమనించాలి. పట్టణం పెరిగినకొద్దీ ఖాళీ స్థలానికి ధర పెరుగుతుంది. ఇల్లు కట్టడానికి మరొకచోట దొరకవచ్చు గాని, పోయిన ఆటస్థలం తిరిగి రాదు. కాంటర్‌బరీవారు ఒక్క చెట్టుకోసం ఆట నియమాన్నే మార్చుకున్నారు. మన ఊళ్లో పిల్లలు ఆడుకునే ఎకరం నేలకోసం మనం ఆ మాత్రం పట్టుదల చూపలేమా?

ఇక మీరు చేయగల పని ఒకటి ఉన్నది. పెన్న ఒడ్డున శనగ చేలు కోతలయి ఖాళీ అయ్యాక మీరు ఎట్లాగూ ఆటకు దిగుతారు. ఈసారి ఆటకు ముందు అందరూ వరుసగా నిలబడి, బడి మైదానంలో రాళ్లూ, గాజుపెంకులూ ఏరివేయండి. మధ్యలో 22 గజాలు తాడుతో కొలిచి, నల్లమట్టి జల్లించి పోసి, సాయంత్రం నీళ్లు చల్లి, దొరికిన రోలరో, బరువైన పీపాయో దొర్లించండి. వారం తిరిగేసరికి బంతి ఎట్లా లేస్తుందో చూడండి. పులివెందులవాళ్లో, జమ్మలమడుగువాళ్లో పందానికి వస్తే, ఆ పిచ్‌మీద మీదే పైచెయ్యి కావచ్చు. కాని మరుసటి ఆదివారం వాళ్ల ఊరికి పోయి ఆడి రావాలి సుమా!